కందిపప్పు పలుకుగానే ఉండిపోతోందా? కుక్కర్ మార్చే ముందు చూడాల్సినవి

కార్తీక మాసంలోనో, శనివారాల్లోనో ఇంట్లో నీసు వండరు. ఆ రోజు భోజనానికి పప్పే ఆధారం. టమాటా పప్పు, గోంగూర పప్పు, దోసకాయ పప్పు, మామిడికాయ పప్పు, ఏది చేసినా ముందు కందిపప్పు వెన్నలా మెదగాలి. పలుకుగా ఉండిపోతే పైన ఎంత నెయ్యితో పోపు పెట్టినా అన్నంలో కలవదు, పిల్లలు కంచంలో పక్కకు నెట్టేస్తారు. చుట్టాల్లో, మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో పప్పు ఉడక్కపోయినా ఫోన్ నాకే వస్తుంది. కుక్కర్ వాడటం, గ్యాస్కెట్ చూసుకోవడం, గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్ళు పోయడం మీకు వచ్చనుకుని మిగతాది రాస్తున్నాను.

పప్పు అడుగున, నీళ్ళు పైన

ఈ ఫోన్ వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఒక్కటే. పులుపు ఎప్పుడు వేశారు? ఎక్కువమంది చెప్పే జవాబు, "పప్పుతో పాటే కుక్కర్‌లో వేసేశాం" అని. ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు.

పప్పు గింజలో కణాలను పెక్టిన్ అనే పదార్థం జిగురులా పట్టి ఉంచుతుంది. వేడికి అది కరిగితేనే గింజ విచ్చుకుంటుంది. చింతపండు, మామిడికాయ, గోంగూర, చుక్కకూర, పుల్లటి టమాటా, వీటిలో ఏది ముందుగా కలిసినా ఆ జిగురు తొందరగా కరగదు. అందుకే పప్పును పసుపు, చుక్క నూనెతో విడిగా ఉడికించండి. గోంగూరో మామిడికాయో అదే కుక్కర్‌లో ఇంకో గిన్నెలో పెట్టండి. మూత తీశాక ఒక్క గింజను రెండు వేళ్ళ మధ్య నలపండి. పిండిలా చితికితేనే రెండూ కలపండి. ఇది ఐదు సెకన్ల పని. ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది కూడా ఇదే. పులుపు పడ్డాక పలుకు దొరికితే మళ్ళీ నాలుగు విజిల్స్ పెట్టినా పెద్దగా మార్పు రాదు. చల్లార్చి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి ఆ పూటకు సరిపెట్టుకోవాలి.

ఇంకో మాట. విజిల్స్ లెక్కపెట్టకండి. పెద్ద మంట మీద ఐదు విజిల్స్ మూడు నాలుగు నిమిషాల్లోనే వచ్చేయవచ్చు. మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో పెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచండి, ఆవిరి దానంతట అదే దిగాక తీయండి.

పులుపు వేయలేదు, నానబెట్టాం, అయినా పలుకే

నన్ను నాలుగు నెలలు ఏడిపించింది ఇదే. రాజమండ్రిలో పాతికేళ్ళు గోదావరి నీళ్ళతో వండిన చెయ్యి నాది. హైదరాబాద్ శివారులో కొత్త ఫ్లాట్‌కి వచ్చాక పప్పు ఉడకడం మానేసింది. గ్యాస్కెట్ మార్చాను. దుకాణం మార్చాను. కొత్త కుక్కర్ కూడా కొన్నాను. ఏం చేసినా గింజ గింజగానే. అత్తగారి తద్దినం రోజున పప్పు మెదగక వచ్చినవాళ్ళ ముందు ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

ఒకరోజు బోరు మోటారు కాలిపోయింది. రెండు రోజులు అన్నిటికీ క్యాన్ నీళ్ళే. ఆ రెండు రోజులూ అదే పప్పు, అదే కుక్కర్, పప్పుగుత్తి పెట్టగానే మెదిగిపోయింది. అప్పుడు అర్థమైంది, తప్పు బోరు నీళ్ళదని.

బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే వాటిని కఠిన జలం అంటారు. ఇందాక చెప్పిన పెక్టిన్‌ని ఆ కాల్షియం పట్టుకుని ఇంకా గట్టిపరుస్తుంది. పులుపు చేసే చెడుపే, కాకపోతే కంటికి కనిపించదు, నాలుకకు పెద్దగా తెలియదు. తాగునీటి ప్రమాణాల్లో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 వరకు పర్వాలేదని ఉంది. మా ఫ్లాట్ల వాళ్ళు పరీక్ష చేయిస్తే మా బోరు 700 పైన చూపించింది.

ఇక్కడే రెండో దెబ్బ తగిలింది. బోరు బాగయ్యాక వంటకు క్యాన్ నీళ్ళు పోస్తూనే ఉన్నాను. అయినా పప్పు మళ్ళీ మొరాయించింది. నా ఆలోచనే తప్పేమో అనుకున్నాను. వారం తర్వాత గమనించాను, పప్పు కడిగి నానబెడుతున్నది కుళాయి నీళ్ళతో, అంటే బోరు నీళ్ళతోనే. అరగంట నానేసరికి గింజ తాగాల్సిన కాల్షియం అంతా తాగేస్తోంది, ఆ తర్వాత ఎంత మంచి నీళ్ళు పోసినా లాభం ఉండట్లేదు. కడగడానికి ఏ నీళ్ళైనా వాడుకోండి. నానబెట్టడానికి, ఉడికించడానికి మాత్రం రెండింటికీ మంచినీళ్ళే.

అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు చిన్న గిన్నెల్లో సమానంగా పప్పు తీసుకోండి. ఒకదాన్ని బోరు నీళ్ళతో, ఇంకోదాన్ని ఆర్వో ఫిల్టర్ నీళ్ళతో నానబెట్టి, అవే నీళ్ళతో ఒకే కుక్కర్‌లో పెట్టండి. ఒకే మంట, ఒకే సమయం. రెండు గిన్నెల్లోంచీ గింజ నలిపి చూస్తే వాదన అక్కర్లేదు. సబ్బు సరిగా నురగ రాకపోవడం, కుళాయి చుట్టూ, గీజర్ లోపల తెల్లటి పొర కట్టడం కూడా ఇదే చెబుతాయి.

ఫిల్టర్ లేకపోతే నీళ్ళు బాగా మరగకాచి, చల్లారాక అడుగున తెల్లటి మడ్డి వదిలేసి పైనున్నవి వాడండి. కొంత కాఠిన్యం ఇలా పోతుంది, అంతా పోదు. అప్పటికీ కుదరకపోతే గ్లాసు పప్పుకు చిటికెడు వంటసోడా. చిటికెడు మాత్రమే. ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది, పప్పులోని బి1 విటమిన్ కూడా పోతుంది. అందుకే రోజూ సోడా వేయడం నాకు ఇష్టం లేదు.

నీళ్ళూ మంచివే అయితే

పప్పు పాతది. వేడిలో, తేమలో నెలల తరబడి నిలవ ఉన్న గింజ గట్టిపడిపోతుంది, ఎంత నానబెట్టినా మునుపటిలా మెత్తబడదు. ఇంకో చోట వంద గ్రాములు కొత్తపప్పు తెచ్చి పై రెండు గిన్నెల పద్ధతే చేయండి. ఉడకడంలో, రుచిలో తాండూరు కందిపప్పుకు పేరుంది, 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దొరికితే అదే తీసుకోండి. మిగిలిన పాతపప్పును పారేయక్కర్లేదు, వేయించి కందిపొడి కొట్టుకోవచ్చు.

ముందే ఉప్పు వేశామేమో అని బాధపడేవాళ్ళున్నారు, దాని ప్రభావం తక్కువ. అమెరికాలో డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్ళలో ఉన్నవాళ్ళకు మూత లేని గిన్నెలో పప్పు ఆలస్యమవుతుంది, అక్కడ నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ వాడితే చాలు.

మెత్తబడింది, కానీ రుచి లేదు

పైన తేలిన నీళ్ళను, అంటే కట్టును, ముందు వేరే గిన్నెలోకి వంచి వేడిమీదే పప్పుగుత్తితో మెదపండి. తర్వాత కావాల్సినంత కట్టు తిరిగి పోయండి, మిగిలితే చారుకు వాడండి. నీళ్ళతో సహా మెదిపితే పప్పు జావలా అవుతుంది. నీసు లేని రోజని గరం మసాలా వేసేవాళ్ళను చూశాను, పప్పుకు అది వద్దు. పోపులో ఆవాలు చిటపటలాడాకే ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, చివర్న ఇంగువ, కరివేపాకు వేసి, నూనె మాడకముందే పప్పులో తిరగబోయండి.

పక్కన కరకరలాడేది ఒకటి ఉండి తీరాలి. ఊరమిరపకాయలు, మినప వడియాలు, లేదంటే సన్నగా తరిగిన బెండకాయ వేపుడు. ముద్దపప్పు చేసిన రోజు కందిపప్పును ముందుగా దోరగా, రంగు మారకుండా వేయించి ఉడికించండి, ఆవకాయ, నెయ్యి వేసుకుంటే ఇంకో కూర అడగరు.