నవ్వు ఎక్కడ ఆగిపోయింది? హాస్యచిత్రం చూసి సినిమా తీయడం నేర్చుకునేవారికి సమస్యలు, పరిష్కారాలు

కోనసీమలోని మా ఊరి కుర్రాళ్లు సెలవులకు వచ్చినప్పుడల్లా ఫోనుతోనో, అద్దెకు తెచ్చిన కెమెరాతోనో ఐదారు నిమిషాల హాస్యచిత్రాలు తీసి, వాటిని నాకు చూపిస్తుంటారు. వారి పనిలోనూ, అంతకుముందు నా పనిలోనూ మళ్లీ మళ్లీ కనిపించిన చిక్కులను ఇక్కడ లక్షణం, కారణం, పరిష్కారం అనే వరుసలో రాస్తున్నాను. మేము పాఠంగా పెట్టుకున్న సినిమా 1987లో వచ్చిన ‘అహ నా పెళ్ళంట!’. దాని దర్శకుడు జంధ్యాల, వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న నరసాపురంలో పుట్టినవారన్న దగ్గరితనం మాకు ఉన్నా, దాన్ని ఎంచుకున్నది మాత్రం అది మా అందరికీ కంఠతా వచ్చు కనుక. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రుత తీరిపోయిన సినిమాలోనే ఆ పని ఎలా జరిగిందో కంటికి ఆనుతుంది.

లక్షణం: ఇరవైసార్లు చూసినా ఒక్క విషయమూ పట్టుబడలేదు

నవ్వు వచ్చిన క్షణంలో పరిశీలన ఆగిపోవడమే దీనికి కారణం. మనం నేర్చుకోవలసిన చోట్లే మనం నవ్వుతూ ఉంటాము కాబట్టి, ఎన్నిసార్లు చూసినా అవే చోట్లు మన చూపు నుంచి జారిపోతాయి.

సినిమా మొత్తాన్ని పక్కన పెట్టి మూడు నిమిషాల సన్నివేశాన్ని ఒక్కదాన్ని తీసుకోండి. మొదట శబ్దం ఆపి చూస్తూ కట్లు, అంటే ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారే చోట్లు, లెక్కపెట్టండి. తర్వాత తెరను చూడకుండా వినండి. ఆ పైన కాగితం మీద నాలుగు గడులు గీసి, షాట్ ఎన్ని సెకన్లు ఉంది, ఫ్రేములో ఎవరెవరు ఉన్నారు, మాట ఎవరిది, కట్ ఏ మాట మీద లేదా ఏ కదలిక మీద పడింది అన్నవి రాసుకోండి. ఒక నిమిషం సినిమాకు గంట పట్టినా పట్టనివ్వండి. చేత్తో రాసుకోనిదే ఇది ఒంటపట్టదని నా గట్టి నమ్మకం.

లక్షణం: కాగితం మీద చదివితే అందరూ నవ్వారు, తెర మీద ఎవరూ నవ్వలేదు

దీనికి రెండు కారణాలు ఉంటాయి. మొదటిది, ముందు చెప్పవలసింది చెప్పకపోవడం. కోట శ్రీనివాసరావు పోషించిన లక్ష్మీపతి కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే సన్నివేశం తెలియని తెలుగువారు అరుదు. అది విడిగా చూసినా నవ్వు తెప్పిస్తుంది. అయితే సినిమాలో అది అంత బలంగా తగలడానికి కారణం, ఆ మనిషి పిసినారితనానికి ఒక తర్కం ఉందని మనకు అప్పటికే అర్థమై ఉండటం. లక్ష్మీపతి దృష్టిలో ఆయన చేస్తున్నది వింత కాదు, పొదుపు. నటుడు ఆ భోజనాన్ని మనస్ఫూర్తిగా ఆస్వాదిస్తాడే తప్ప మనల్ని నవ్వమని అడగడు. కథ కూడా ఆ తర్కాన్నే పట్టుకుని నడుస్తుంది: అటువంటి ఇంటి అమ్మాయిని పెళ్లాడాలంటే కథానాయకుడు అంతకు మించిన పిసినారిగా నటించవలసి వస్తుంది.

మా కుర్రాళ్లలో ఒకరు వరదల కాలంలో పులస మీద ఒక చిత్రం తీశారు. ఒక పెద్దమనిషి పులస కొని వండించి, పక్కింటివారికి వాసన చేరాలని కిటికీ తెరిచిపెడతాడు; కూర మాత్రం ఎవరికీ పెట్టడు. ఆలోచన చక్కగా ఉన్నా మొదటి కూర్పులో ఎవరూ నవ్వలేదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తెలిసినవారికి చేప ఖరీదు చెప్పనక్కరలేదు గాని, ఈ మనిషికి తిండి కంటే గొప్ప చెప్పుకోవడమే ముఖ్యమన్న సంగతి మాకు ఎక్కడా తెలియలేదు. రేవులో చేప ధర వినబడినా విననట్టు నటించి, చుట్టూ జనం చేరాక మళ్లీ గట్టిగా అడిగి చెప్పించుకునే షాట్ ఒకటి ముందు చేర్చగానే, కిటికీ తెరిచిన చోట నవ్వు వచ్చింది.

రెండో కారణం కత్తిరింపులో ఉంటుంది. నేర్చుకునేవారు మాట్లాడేవారి ముఖం మీదే కెమెరా ఉంచుతారు. నవ్వు మాత్రం చాలాసార్లు వినేవారి ముఖంలో ఉంటుంది. లక్ష్మీపతి ఇంట్లో పనిచేసే అరగుండుగా బ్రహ్మానందం ఉన్న సన్నివేశాలను శబ్దం లేకుండా చూడండి. యజమాని మాట అరగుండుకు ఎంత ఆలస్యంగా ఎక్కుతోందో, ఎక్కిన తర్వాత ముఖం ఎన్ని మెట్లు దిగుతోందో ఒక్క మాట వినకుండానే తెలుస్తుంది. కాబట్టి ప్రతి సంభాషణకూ వినేవారిని సన్నివేశం మొదటి నుంచి చివరి వరకు విడిగా ఒకసారి తీయండి. కూర్చేటప్పుడు చివరి మాట పూర్తి కాకముందే వినేవారి మీదికి వెళ్లడం, పూర్తయ్యాక వెళ్లడం, వెళ్లి మరికొంత ఆగడం అనే మూడు విధాలా కత్తిరించి, కథ తెలియని మనిషికి చూపించండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు కదా. ఆరు ఫ్రేములు, అంటే పావు సెకను తేడాతో నవ్వు వచ్చిన సందర్భాలు, పోయిన సందర్భాలు నేను చాలా చూశాను.

లక్షణం: జారిపడినా నవ్వు రావడం లేదు

ఫోను తెర చిన్నదని అన్నీ క్లోజప్పులుగా తీయడమే కారణం. కాలువ రేవులో పాచిపట్టిన మెట్టు, దాని మీద పడబోయే కాలు, ఏమీ ఎరగని ముఖం, ఈ మూడూ ఒకే ఫ్రేములో కనిపించాలి. చాప్లిన్ తల నుంచి పాదం వరకు కనబడేలా ఎందుకు నిలబడేవాడో ఇక్కడ అర్థమవుతుంది. కెమెరాను వెనక్కి జరిపి, కట్ లేకుండా తీయండి.

లక్షణం: ఎదురెదురుగా ఉన్నవారు ఒకే దిక్కు చూస్తున్నట్టుంది

ఇద్దరి మధ్య ఒక తాడు కట్టినట్టు ఊహించుకుంటే, కెమెరా ఆ తాడుకు ఒక పక్కనే, అంటే 180 డిగ్రీల లోపలే ఉండాలి. పంటు మీద, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ మీద తీసేటప్పుడు ఈ తప్పు మరీ ఎక్కువ, ఎందుకంటే అవతలి పక్క గట్టు అందంగా కనిపించగానే కెమెరా అటు మారిపోతుంది. అప్పుడు లుక్కులు, అంటే నటుల చూపుల దిక్కులు, తప్పడంతోపాటు, వెనుక గట్టు ఒక షాట్‌లో ఎడమకు, మరో షాట్‌లో కుడికి కదులుతూ పంటు వెనుదిరిగినట్టు అనిపిస్తుంది.

లక్షణం: మాటల మధ్య మౌనం హోరుగా వినిపిస్తోంది

హాస్యానికి ఇంతకు మించిన నష్టం లేదు. చాలా ఫోన్లలో మైకు శబ్దం తగ్గగానే గ్రహణశక్తిని తనంతట తానే పెంచుకుంటుంది. అందువల్ల నటులు ఆగిన చోటే కొబ్బరాకుల గాలి, రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు ముందుకు వస్తాయి. నవ్వు పుట్టవలసిన విరామం వాటితో నిండిపోతుంది. ఫోనులో ఆ సదుపాయాన్ని ఆపగలిగితే ఆపండి. మైకును నోటికి దగ్గరగా, చొక్కా లోపల పెట్టండి. గాలి లేవకముందు, తెల్లవారుజామున తీయండి. వెళ్లేముందు అందరినీ మాట్లాడకుండా నిలబెట్టి, ఆ చోటి శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకుంటే, దాన్ని కట్ల కింద ఒకే పొరగా పరిచి అతుకులు దాచవచ్చు. ఏరేటర్లు ఆపడం మన చేతిలో లేదు కనుక, చెరువు గట్టు మీది మాటలకు డబ్బింగే మార్గం.

లక్షణం: వెలుతురు మినుకుమంటోంది, ముఖాలు మచ్చలుగా ఉన్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షటర్ స్పీడును, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయాన్ని, సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే అది పోతుంది. కొబ్బరితోట నీడలో మచ్చలు పడితే నటులను పూర్తి నీడలోకి జరిపి, థర్మోకోల్ అట్టతో వెలుగును ముఖం మీదికి మళ్లించండి.

లక్షణం: గోదావరి యాస పెట్టినా కృతకంగా ఉంది

యాసను మన అరుగుల మీద కాక సినిమాల్లో విని రాయడమే కారణం. ప్రతి వాక్యం చివరా ‘ఆయ్’ తగిలిస్తే అది గోదావరి మాట కాదు. ఎదుటివారి మాటను మన్నిస్తూ పలికే మాట అది. ఎవరు ఎవరితో అంటున్నారన్న దానిమీద దాని బరువు ఆధారపడి ఉంటుంది. ఇంట్లో పెద్దల అనుమతితో వారి మాటలు అరగంట రికార్డు చేసి, ఉన్నదున్నట్టు కాగితం మీద ఎక్కించండి. అప్పుడు మీ సంభాషణల్లో ఏ మాట ఎవరిదో మీకే తెలుస్తుంది. పులస చిత్రం మొదటి కూర్పులో ‘ఆయ్’ పదకొండుసార్లు ఉండేది. చివరి కూర్పులో ఒక్కటే మిగిలింది: కిటికీలోంచి పెద్దమనిషి “వాసన వస్తోందా?” అని అడిగితే, గోడ అవతల చారన్నం తింటున్న పక్కింటాయన, ముద్ద కింద పెట్టి, కాసేపు ఆగి, “ఆయ్, వస్తందండి” అంటాడు.