పాత సూపర్ 8 కెమెరాతో ఆరుబయట షూటింగ్ ఎలా చేయాలి?

సూపర్ 8 అంటే ఇంట్లో సినిమాలు తీసుకునే చిన్న ఫిల్మ్ కెమెరా. దానికోసం కొడాక్ 1965లో తెచ్చిన కార్ట్రిడ్జ్‌లో, అంటే ఫిల్మ్ ఉండే డబ్బాలో, 50 అడుగుల ఫిల్మ్ ఉంటుంది. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీస్తే 3 నిమిషాల 20 సెకన్లు, 24 చొప్పున అయితే రెండున్నర నిమిషాలు. అంతే! ఫోన్‌లోలా తీసింది చూసుకుని, నచ్చకపోతే డిలీట్ చేసేందుకు వీల్లేదు. అందుకే బటన్ నొక్కకముందే సగం పని అయిపోవాలి.

మొదట ఫిల్మ్ పెట్టకుండా మోటారు తిప్పి చూడండి. శబ్దం తడబడకుండా ఒకే తీరుగా రావాలి. ఫిల్మ్ నడిచే గేటును మెత్తటి బ్రష్‌తో తుడవండి. అక్కడ ఒక్క వెంట్రుక ఉన్నా ప్రతి షాట్‌లోనూ కనిపిస్తుంది. చాలా కెమెరాల్లో వెలుతురును కొలిచే లైట్ మీటరుకు విడిగా ఒక బటన్ బ్యాటరీ ఉంటుంది. 1.35 వోల్టుల ఆ పాదరసం బ్యాటరీల తయారీ ఆగిపోయింది. వాటి బదులు 1.5 వోల్టులది వేస్తే మీటరు తప్పు చూపించవచ్చు. వినికిడి యంత్రాల్లో వాడే జింక్-ఎయిర్ బ్యాటరీ వోల్టేజీ ఆ 1.35కి దగ్గరగా ఉంటుంది.

ఎండలో తీయడానికి, వెలుతురుకు నెమ్మదిగా స్పందించే 50డి రకం ఫిల్మ్ హాయి. 500టి లాంటి, వెలుతురుకు త్వరగా స్పందించే ఫిల్మ్ వేస్తే, మిట్టమధ్యాహ్నం లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం వీలైనంత చిన్నదైనా వెలుతురు ఎక్కువైపోతుంది.

అందరూ తడబడేది ఫిల్టర్ దగ్గరే. కెమెరా మీద సూర్యుడు, బల్బు బొమ్మలతో ఒక స్విచ్ ఉంటుంది. సూర్యుడి వైపు పెడితే లోపల నారింజ రంగు ఫిల్టర్ అడ్డం వస్తుంది. అది పేరులో 'టి' ఉన్న టంగ్‌స్టన్ ఫిల్మ్, అంటే బల్బు వెలుతురుకు తయారైన ఫిల్మ్, కోసం. ఆ ఫిల్మ్‌కి పగటి వెలుతురు నీలంగా కనబడుతుంది కాబట్టి ఈ ఫిల్టర్ దాన్ని సరిచేస్తుంది. 50డి పగటి వెలుతురుకే తయారైంది కనుక, బయట ఎండ కాస్తున్నా స్విచ్ బల్బు వైపే ఉండాలి. వింతగానే ఉంటుంది! నేను మొదటిసారి సూర్యుడి బొమ్మ చూసి అటే తిప్పాను. రీలంతా నారింజ పండు రంగులో వచ్చింది.

ఇక ఫోకస్. ముందు కన్ను పెట్టి చూసే ఐపీస్‌ను మీ చూపుకు తగ్గట్టు సరిచేసుకోండి. జూమ్ పూర్తిగా దగ్గరికి లాగి, మనిషి కళ్ల మీద ఫోకస్ పెట్టి, అప్పుడు జూమ్ వెనక్కి తీసుకోండి. వెనక ఆకాశం వెలిగిపోతుంటే ఆటో మీటరు ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. ముఖం దగ్గరికెళ్లి రీడింగ్ తీసుకుని, ఆ వెలుతురు సెట్టింగ్ (ఎక్స్‌పోజర్) మారకుండా లాక్ చేసి, మళ్లీ మీ చోటికి రండి. ట్రైపాడ్ మీద పెట్టి కన్ను పక్కకు జరిపితే ఐపీస్ మూసేయండి, లేదంటే వెనకనుంచి పడే వెలుతురుకి మీటరు మోసపోతుంది.

ఒక్కో షాట్ 8 సెకన్లు అనుకుంటే, 18 ఫ్రేముల వేగంతో కార్ట్రిడ్జ్‌కి 25 షాట్లు. వాటిని కాగితం మీద రాసుకుని బయల్దేరండి. కెమెరాను పక్కకు తిప్పాల్సి వస్తే, మీకు మరీ నెమ్మదిగా అనిపించే వేగమే సరైనది.

మధ్యలో కార్ట్రిడ్జ్ తీయకండి. బయటికి కనిపించే కొన్ని ఫ్రేములు పాడవుతాయి, చాలా కెమెరాల్లో కౌంటర్ కూడా సున్నాకి వెళ్లిపోతుంది. రీలు అయిపోయాక నీడలో తీసి, ఎండకు తగలకుండా చుట్టి, వీలైనంత త్వరగా ల్యాబ్‌కు పంపండి.