చెరువు గట్టు చివరి కెమెరాకు ఫైబర్, కరెంటు: తవ్వకం నుంచి బాక్సు దాకా

రొయ్యల చెరువుల దగ్గర కాపలా షెడ్డు ఒక మూల ఉంటుంది, కెమెరా కావలసింది అవతలి గట్టు చివర. మధ్యలో 280 మీటర్లు అనుకుందాం. క్యాట్‌6 వైరు 100 మీటర్ల వరకే నమ్మకంగా పనిచేస్తుంది. పైగా అది రాగి. వేసవి గాలివానలో దగ్గర్లో పిడుగు పడితే ఆ రాగి వెంబడే దెబ్బ వచ్చి కెమెరా, స్విచ్, షెడ్డులోని రికార్డర్ మూడూ ఒకేసారి పోతాయి. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి డేటాకు అదే సరైన దారి. కానీ కెమెరాకు కరెంటు కూడా కావాలి, అది మళ్లీ రాగిలోనే రావాలి. అందుకే ఈ పనిలో ఫైబర్ సులువైన భాగం. జాగ్రత్తంతా కరెంటు వైపే ఉండాలి. జనం నీళ్లలో దిగి పనిచేసే చోటు ఇది. బాక్సు కనెక్షన్లు లైసెన్సున్న వైర్‌మన్ చేతనే చేయించండి.

కొనేటప్పుడు

ఫైబర్: 4 కోర్ల (గాజు పోగుల) యూనిట్యూబ్ కేబుల్, అంటే నాలుగూ ఒకే గొట్టంలో ఉండేది, సింగిల్ మోడ్, జీ.652డీ రకం. లోపల స్టీలు లేకుండా ఎఫ్‌ఆర్‌పీ (గాజు నారతో గట్టిపరిచిన ప్లాస్టిక్) కడ్డీలున్నదే అడగండి. స్టీలు ఆర్మరింగ్ ఉన్నది తెస్తే పిడుగు దెబ్బకు మళ్లీ లోహపు దారి ఇచ్చినట్టే. పొడవుకు 280తో పాటు మెలికలకు 5 శాతం, రెండు చివర్లా చుట్టకు పదేసి మీటర్లు కలిపి 320 మీటర్లు తెచ్చుకోండి. వాడేది ఒక్క కోరే, మిగిలిన మూడూ స్పేరు. ఇళ్లకు స్తంభాల మీదుగా లాగే చదును డ్రాప్ కేబుల్ చవకే కానీ, దాన్ని పాతిపెట్టకండి.

పైపు: 40/33 మి.మీ. హెచ్‌డీపీఈ డక్ట్. కరెంటుకు 3 కోర్ల ఆర్మర్డ్ రాగి కేబుల్. సైజు సంగతి కింద చెప్తాను.

తవ్వకం

గట్టు మధ్యలో కాకుండా బయటి వాలు వైపు అంచున దారి ఎంచుకోండి. పంట తీశాక పొక్లెయిన్ వచ్చి గట్లు సరిచేసేటప్పుడు లోపలి వైపే ఎక్కువగా గీకుతుంది, కేబుళ్లు తెగేది అప్పుడే. లోతు 75 సెంటీమీటర్లు. అడుగున ఇసుక పరిచి కరెంటు కేబుల్, మళ్లీ ఇసుక, దాని మీద ఇటుకల వరస. దానికి 30 సెంటీమీటర్ల పైన ఫైబర్ డక్ట్, ఆపైన పసుపు హెచ్చరిక టేపు. స్టీలు లేని ఫైబర్‌కు కరెంటు పక్కన ఉన్నా సిగ్నల్ పాడవదు. ఈ ఎడం రేపు ఫైబర్ కోసం తవ్వే మనిషి గునపం కరెంటు కేబుల్‌కు తగలకుండా ఉండటానికి.

మలుపుల్లో 90 డిగ్రీల ఎల్బో పెట్టకండి, పైపునే వెడల్పుగా వంచండి. మూల దగ్గర చిన్న చాంబర్ కడితే కేబుల్ లాగడం తేలిక. లాగేటప్పుడు తాడు కట్టాల్సింది లోపలి ఎఫ్‌ఆర్‌పీకి, పైతొడుగుకు కాదు. తొడుగు పట్టుకుని లాగితే అది సాగి, లోపలి గాజు మీద బరువు పడుతుంది. డక్ట్ రెండు చివర్లా ఎండ్ ప్లగ్ తప్పనిసరి. తెరిచి వదిలేస్తే బురద, పీతలు, పందికొక్కులు చేరతాయి. పూడ్చే ముందు ఎర్ర లేజర్ పెన్నుతో నాలుగు కోర్లలోనూ వెలుగు అవతలి చివరకు చేరుతోందా చూసుకోండి.

కేబుల్ సైజు, ఎంసీబీ లెక్క

రెండు కెమెరాలు పెట్టినా, ఒక చిన్న స్విచ్, ఫైబర్ వెలుగును నెట్ సిగ్నల్‌గా మార్చే మీడియా కన్వర్టర్ అన్నీ కలిపి 50 వాట్లు దాటవు. ఇంత తక్కువ లోడుకు ఏ తీగైనా చాలుననిపిస్తుంది. వోల్టేజి పడిపోవడం వరకే చూస్తే నిజమే. అసలు చూడాల్సింది షార్ట్ అయినప్పుడు ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే లైను కట్ చేసే స్విచ్, పడుతుందా లేదా అని.

2.5 చదరపు మి.మీ. రాగి నిరోధం కిలోమీటరుకు 7.41 ఓమ్‌లు. 280 మీటర్లు పోయి రావాలంటే 4.15 ఓమ్‌లు. చివర షార్ట్ అయితే 230ని 4.15తో భాగించి 55 ఆంపియర్లే పారతాయి, లైను నిరోధం కలిస్తే ఇంకా తక్కువ. రేటింగుకు ఎన్ని రెట్లు పారితే ఎంసీబీ వెంటనే పడుతుందో చెప్పేదే కర్వ్. సీ కర్వ్ ఎంసీబీకైతే 5 నుంచి 10 రెట్లు పారాలి. అలవాటుగా బిగించే సీ16కు అది 80 నుంచి 160 ఆంపియర్లు. అంటే ఆ ఎంసీబీ చప్పున పడదు, తీగ వేడెక్కుతూనే ఉంటుంది. బీ కర్వ్ 6 ఆంపియర్లదైతే 18 నుంచి 30 మధ్యే పడిపోతుంది. అదే పెట్టండి. షాపులో బీ కర్వ్ దొరక్కపోతే కేబుల్ 4 చ.మి.మీ. తీసుకోండి. అప్పుడు షార్ట్ కరెంటు 89కి పెరుగుతుంది, సీ6 సరిపోతుంది.

దానితో పాటు షెడ్డు బాక్సులో ఈ లైనుకు ప్రత్యేకంగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉండాలి. ఏరేటర్ స్టార్టర్ నుంచి కరెంటు తీయకండి. మోటారు లీకేజీకి కెమెరాలన్నీ ఆగిపోతుంటే, చివరికి ఎవరో ఒకరు ఆర్‌సీసీబీనే తీసేసి నేరుగా కలిపేస్తారు. ప్రాణం పోయేది అలాంటి చోటే.

స్తంభం బాక్సు

రెండు వేర్వేరు బాక్సులు బిగించండి, ఒకటి కరెంటుకు, ఒకటి ఫైబర్‌కు. నెట్ బాగుచేయడానికొచ్చిన కుర్రాడు 230 వోల్టుల టెర్మినళ్ల పక్కన చెయ్యి పెట్టే అవసరం రాకూడదు. రెండూ దుమ్ము, నీటి జల్లు దూరని ఐపీ65 పాలికార్బొనేట్‌వే కావాలి. ఉప్పుగాలికి ఇనుప బాక్సు రంగు లేచి తుప్పు పడుతుంది. వరద మట్టానికి పైన, గట్టు నుంచి కనీసం 1.5 మీటర్ల ఎత్తులో, ఉత్తరం వైపు ముఖంగా పెట్టి పైన చిన్న రేకు కప్పు వేయండి. మే ఎండకు మూసిన బాక్సులో కన్వర్టర్లు వేడికే చచ్చిపోతాయి.

కేబుళ్లన్నీ అడుగు నుంచే, గ్లాండ్ల (కేబుల్ చుట్టూ బిగిసే బిరడాల) ద్వారానే రావాలి. బాక్సులోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు వంచితే వాన నీళ్లు అక్కడే జారిపోతాయి. వాడని రంధ్రాలకు ప్లగ్ పెట్టండి, లేకపోతే బల్లి దూరి టెర్మినళ్ల మధ్య కాలిపోతుంది. తలుపు చుట్టూ సిలికాన్ పూసి పూర్తిగా బిగదీస్తే లోపలి తేమ రాత్రికి నీళ్లవుతుంది. అడుగున బ్రీదర్ ప్లగ్ ఒకటి పెట్టండి.

ఎర్తింగ్‌కు 3 మీటర్ల కాపర్ బాండెడ్ రాడ్డు వేయండి. ఉప్పు నేలలో జీఐ పైపు త్వరగా తినేసుకుపోతుంది. కేబుల్ మూడో కోరు, ఆర్మర్, స్తంభం, రాడ్డు అన్నీ ఒకే ఎర్త్ బార్‌కు రావాలి. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉండాలి. ఇక్కడ న్యూట్రల్‌ను ఎర్త్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, కలిపితే షెడ్డులో ఆర్‌సీసీబీ నిలవదు. పిడుగు వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్లించే టైప్ 2 ఎస్‌పీడీ రెండు చివర్లా పెట్టండి. షెడ్డులో అది ఆర్‌సీసీబీకి ముందుండాలి. ఎస్‌పీడీ తీగలు రెండూ కలిపి అర మీటరు దాటకూడదు. మీటరు తీగ అదనంగా ఉంటే పిడుగు సమయంలో దాదాపు వెయ్యి వోల్టులు అదనంగా పరికరానికి తగులుతాయి.

స్ప్లైసింగ్, పరీక్ష

గట్టు మీద గాలిలో స్ప్లైసింగ్ (కోర్ల చివరలను కరిగించి అతకడం) చేయకండి. చుట్టగా వదిలిన పది మీటర్లు అందుకే: కేబుల్ చివరను కారులోకి తెచ్చుకుని చేయండి. తొడుగు తీశాక జెల్లీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవాలి. అతుకును కాపాడే ష్రింక్ స్లీవును ముందే ఎక్కించుకోండి, మర్చిపోతే మళ్లీ కోసి మొదలుపెట్టాల్సిందే. మీడియా కన్వర్టర్లకు ఎక్కువగా నీలం ఎస్‌సీ-యూపీసీ పిగ్‌టెయిల్ (ఒక చివర కనెక్టర్ ఉన్న చిన్న ఫైబర్ ముక్క) వస్తుంది. ఇళ్లలోని ఫైబర్ మోడెమ్‌లకు (ఓఎన్‌టీ) వాడే పచ్చ ఏపీసీని దానికి గుచ్చితే, కోణం ముఖం చదును ముఖానికి అతుక్కోక డెసిబెళ్ల కొద్దీ నష్టం.

కన్వర్టర్లు జతగా కొనండి. ఒకటి 1310 నానోమీటర్ల వెలుగులో పంపి 1550లో అందుకోవాలి, రెండోది 1550లో పంపి 1310లో అందుకోవాలి. రెండూ ఒకటే రకమైతే లింకు దీపం ఎప్పటికీ వెలగదు. 20 కిలోమీటర్ల రకం చాలు. 80 కిలోమీటర్లది ఇంత దగ్గరలో పెడితే వెలుగు ఎక్కువై రిసీవర్ పాడవ్వొచ్చు.

280 మీటర్ల గాజులో నష్టం 0.1 డెసిబెల్ మాత్రమే. స్ప్లైస్‌లు, కనెక్టర్లు కలిపినా పవర్ మీటరుతో కొలిచిన మొత్తం నష్టం 2 డెసిబెళ్ల లోపు ఉండాలి. 3 దాటితే కేబుల్‌ను అనుమానించకముందు కనెక్టర్ ముఖం తుడవండి, తర్వాత అతుకులుండే ట్రేలో చుట్టలు 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగుసుకున్నాయేమో చూడండి. ఆ రెండూ బాగుంటే లేజర్ పెన్ను పెట్టండి. ట్రేలో ఎక్కడ ఎర్రగా మెరుస్తుందో అక్కడే కోరు విరిగింది లేదా స్ప్లైస్ పాడైంది.