తేలని పాత హత్యకేసును చదివే పద్ధతి: పర్లాకిమిడి నుంచి కొన్ని సూచనలు

ఒక ఇంటివారందరూ ఒకే రాత్రి హతమై, చంపినవారెవరో తేలకుండా మిగిలిపోయిన కేసు గురించి ఆలోచించడం మొదలుపెట్టిన ప్రతివారూ "ఎవరు చేసి ఉంటారు?" అన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు. ఆ ప్రశ్నను పక్కన పెట్టి, "ఈ సంగతి మనకు ఎవరి నోటి నుంచి, ఏ సంవత్సరంలో వచ్చింది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టమన్నది నా మొదటి సూచన. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కోర్టుల్లో ఒడియా కాగితాలను తెలుగువారికి చదివి చెప్పే పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిని కనుక, ఒక మాట నోరు మారినప్పుడు ఎంత మారుతుందో నాకు కొంత తెలుసు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో రాత్రి భోజనాలయ్యాక ఫోను పట్టుకుని దేశదేశాల పాత హత్యకేసులను తిరగేసే మన పిల్లలను ఉద్దేశించి ఈ సూచనలు రాస్తున్నాను.

అభ్యాసానికి హింటర్‌కైఫెక్ కేసు బాగా పనికివస్తుంది. జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, మ్యూనిక్‌కు ఉత్తరంగా సుమారు 70 కిలోమీటర్ల దూరాన, ఇంగోల్‌స్టాట్, ష్రోబెన్‌హౌజెన్ పట్టణాల మధ్య ఒంటరిగా ఉండిన ఒక రైతు ఇల్లు అది. 1922 మార్చి 31 శుక్రవారం రాత్రి అక్కడ 63 ఏళ్ల రైతు, 72 ఏళ్ల అతని భార్య, 35 ఏళ్ల కూతురు, ఆమె బిడ్డలు 7 ఏళ్ల పాప, 2 ఏళ్ల బాబు, ఆ రోజే పనికి కుదిరి సాయంత్రానికి ఇల్లు చేరిన 44 ఏళ్ల పనిమనిషి, మొత్తం 6 మంది హతులయ్యారు. నలుగురి శవాలు పశువుల కొట్టానికి ఆనుకుని ఉన్న ధాన్యపు కొట్టంలోను, పసివాడిది తల్లి గదిలోను, పనిమనిషిది ఆమె గదిలోను ఉన్నాయి. ఇరుగుపొరుగువారు ఏప్రిల్ 4న మంగళవారం వెళ్లి చూసేదాకా విషయం బయటపడలేదు. వందమందికి పైగా మనుషులను పోలీసులు ప్రశ్నించారు. 1955లో దస్త్రం మూసివేశారు. అయినా ఆఖరి విచారణ 1986లో జరిగింది.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీని నాలుగు గళ్లుగా గీయండి. మొదటి గడిలో సంగతి, రెండో గడిలో దాన్ని మొదట చెప్పిన మనిషి, మూడో గడిలో చెప్పిన సంవత్సరం, నాలుగో గడిలో ఆ మనిషి దాన్ని కళ్లారా చూశాడా, విన్నాడా అన్నది రాయాలి. గళ్లు నింపడం విసుగు పుట్టించే పనే. కానీ పది సంగతులు రాసేసరికి, మీరు గట్టిదనుకున్న ఊహ ఏ మట్టి మీద నిలబడిందో మీకే కనబడుతుంది.

ఉదాహరణకు, ఆ కేసు పేరు వినగానే అందరూ చెప్పే మంచులో అడుగుల సంగతి తీసుకోండి. అడవి వైపు నుంచి ఇంటికి వచ్చిన అడుగుజాడలు ఉన్నాయని, తిరిగి వెళ్లినవి లేవని ఆ ముసలి రైతు చావుకు ముందు ఇరుగుపొరుగుతో అన్నాడు. ఆ అడుగులను ఏ పోలీసూ చూడలేదు, కొలవలేదు. చనిపోయిన మనిషి మాట బతికి ఉన్నవారి నోట, హత్యలు బయటపడిన తరువాత, మనకు చేరింది. అందువల్ల ఆ సంగతి అబద్ధమైపోదు. కానీ నాలుగో గడిలో "విన్నది" అని రాయవలసి వస్తుంది. దాని పక్కనే మరో సంగతి పెట్టి చూడండి. రెండో ప్రపంచయుద్ధం తరువాత సోవియట్ చెర నుంచి తిరిగివచ్చిన కొందరు సైనికులు, జర్మన్ మాట్లాడే ఒక సోవియట్ అధికారి తానే హింటర్‌కైఫెక్ హంతకుణ్నని తమతో చెప్పాడన్నారు. కూతురి భర్త 1914 డిసెంబరులో ఫ్రాన్సులోని అరాస్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు, శవం దొరకలేదు. కనుక ఆ అధికారి అతడేనన్న కథ పుట్టి పెరిగింది. మూడో గడి చూస్తే ఈ మాట హత్యలు జరిగిన 20 ఏళ్లకు పైబడి వచ్చింది. చెప్పినవారిలో కొందరు తరువాత తమ మాట మార్చుకున్నారు. కూతురి భర్త చనిపోవడం చూశామన్న తోటి సైనికుల మాట అంతకంటే ముందుది. ఇంత తేడా ఉన్న రెండు సంగతులను ఒకే బరువుతో తక్కెడలో వేసే అలవాటు మానుకోవాలి.

తరువాత సంఘటనా స్థలం. శవాలు కనబడిన వెంటనే ఊరివాళ్లు తండోపతండాలుగా వచ్చారు. శవాలను, వస్తువులను కదిపారు, కొందరైతే ఆ వంటింట్లోనే వండుకుని తిన్నారు. అమెరికాలోని అయోవా రాష్ట్రపు విలిస్కా పట్టణంలో 1912 జూన్ 9, 10 తేదీల మధ్య రాత్రి ఒక కుటుంబంలోని ఆరుగురు, వారింట నిద్రించిన ఇద్దరు అతిథి బాలికలు గొడ్డలికి బలైనప్పుడు కూడా జనం ఇల్లంతా తొక్కేశారు. కనుక ఫలానా చోట ఫలానా వస్తువు ఉంది కాబట్టి హంతకుడు ఇలా నడిచాడని బొమ్మ గీసే ముందు, ఆ వస్తువును అక్కడ మొదట చూసినది ఎవరో, వారికంటే ముందు ఎంతమంది లోపలికి వెళ్లారో రాసుకోవాలి. హింటర్‌కైఫెక్‌లో పోలీసులు ఇల్లు వెతికినా ఆయుధం దొరకలేదు. 1923లో ఇల్లు కూలగొట్టినప్పుడు హత్యలకు వాడిన గుద్దలిలాంటి పనిముట్టు అటక మీద బయటపడింది. పోలీసులు వెతికారు కనుక అక్కడ లేదు అన్న తర్కం ఎంత బలహీనమో చెప్పడానికి ఇదొక్కటే చాలు. శవాల తలలను పరీక్షకని మ్యూనిక్ పంపారు, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అవి పోయాయి. మళ్లీ చూసే అవకాశం లేని ఆధారం గురించి నేటి సాంకేతిక పరీక్షల భాషలో వాదించడం వృథా.

ఇంట్లో పెద్ద మొత్తంలో డబ్బు మిగిలి ఉన్నందున అది దోపిడీ కాదని చాలామంది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. దొంగకు దొరకని డబ్బుకూ దొంగ వదిలేసిన డబ్బుకూ తేడా ఉంది కదా. దోపిడీ అనుమానం బలహీనపడింది అన్నంతవరకే నేను ఒప్పుకుంటాను.

ఇక ఒప్పుకోలు మాట. విలిస్కా కేసులో ఒక సంచార మతబోధకుడు నేరం ఒప్పుకుంటూ సంతకం చేసి, తరువాత కాదన్నాడు. 1917లో మొదటి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, రెండోది నిర్దోషి అని తేల్చింది. మన దేశంలో పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును నేరరుజువుగా కోర్టు తీసుకోదు. పాత సాక్ష్యాధారాల చట్టంలోని 25వ సెక్షను మాట ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షనులో ఉంది. నిందితుడు చూపిన చోట వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంతవరకే అతని మాట చెల్లుతుంది. "నేరం అంగీకరించిన నిందితుడు" అన్న వార్తాశీర్షిక చూసి కేసు తేలిపోయిందనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

పరాయి దేశపు కేసు మీద ఈ అభ్యాసం చేసిన తరువాత, మన సరిహద్దులో జరిగిన కేసు మీదికి మనసు పోతుంది. అక్కడ భాష ఒక పెద్ద చిక్కు. దాని మీద నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో సాక్షి తెలుగులోనో, సవరలోనో, కుయిలోనో చెబుతాడు, థానాలో (పోలీసు స్టేషనులో) దాన్ని ఒడియాలో రాస్తారు, వార్త మళ్లీ తెలుగులోకి వస్తుంది. ఒక తెలుగు ఇల్లాలు "మా బావ ఆ రాత్రి వచ్చాడు" అని చెప్పిందనుకోండి. బావ అంటే అక్క మొగుడు కావచ్చు, పెనిమిటి అన్నగారు కావచ్చు, మేనమామ కొడుకు కావచ్చు. ఒడియాలో అక్క మొగుడు భిణోయి, పెనిమిటి అన్న దేఢశుర. రాసే గుమాస్తా ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు, అడగకుండా ఎంచుకుంటే వేరే మనిషి ఆ రాత్రి ఆ ఇంటికి వచ్చినట్టు కాగితం మీద మిగిలిపోతుంది. మామ సంగతీ అంతే. మనకు మేనమామ, పిల్లనిచ్చిన మామ ఇద్దరికీ ఒకటే పిలుపు, వారికి మాము వేరు, శ్వశుర వేరు. ఒక కుటుంబంలోని చావుల గురించి ఊహించేవారికి ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు. మేనరికం మన ఇళ్లలో మామూలు సంబంధం. కోస్తా ఒడిశా వైపు నుంచి చదివేవారికి అది వింతగా తోచి, లేని రహస్యం ఒకటి కనబడుతుంది.

రూపం ఒకటై అర్థం వేరైన మాటలు ఇంకా ప్రమాదం. ఒడియా పత్రికలో "అభిజోగ" అంటే ఫిర్యాదు, ఆరోపణ. మన తెలుగు కోర్టు భాషలో అభియోగం అంటే కోర్టు నమోదు చేసిన నేరారోపణ. "అటక" అంటే ప్రశ్నించడానికి నిలిపి ఉంచారని, "గిరఫ" అంటే అరెస్టు చేశారని అర్థం. ప్రశ్నించి ఇంటికి పంపిన మనిషిని మన తెలుగు ఫోను గుంపుల్లో అరెస్టయినవాడిగా చెప్పుకోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. (మన అటకకూ వారి అటకకూ చుట్టరికం లేదు. హింటర్‌కైఫెక్ ఆయుధం దొరికినది మాత్రం మన అటక మీదే.) "కాలి" అన్న మాట నిన్నకూ రేపటికీ రెండింటికీ చెల్లుతుంది కనుక, తేదీ తేల్చుకునేటప్పుడు వాక్యం చివరి క్రియ చూడకుండా ముందుకు పోవద్దు.

కాగితాలు ఎక్కడ చూడాలి అంటే, ఎఫ్‌ఐఆర్‌ను ఒడియాలో ఎతలా అంటారు. సున్నితమైన నేరాలు మినహా మిగిలిన వాటి ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. విచారణకు వచ్చిన కేసుల దశలు, తీర్పులు కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో దొరుకుతాయి. 2024 జులై 1కి ముందు హత్యలకు పాత శిక్షాస్మృతి ఐపీసీ 302వ సెక్షను, ఆ తరువాతి వాటికి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 103 కనబడుతుంది, శవ పంచనామాకు పాత నేరవిచారణ స్మృతి సీఆర్‌పీసీ 174 బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 194 ఉంటుంది. నిర్దోషులుగా విడుదలైన కేసుల తీర్పులను తప్పక చదవాలి. సాక్ష్యం ఎక్కడ విరిగిందో న్యాయమూర్తి అక్కడ రాసి ఉంటారు, అంతకంటే మంచి పాఠం ఊహించేవారికి మరొకటి లేదు.

పేరు చెప్పడం విషయంలో నా అభిప్రాయం గట్టిది. హింటర్‌కైఫెక్ కేసును 2007లో ఫ్యుర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్ పోలీసు విద్యాలయపు విద్యార్థులు ఆధునిక పద్ధతుల్లో పరిశీలించారు. కేసును ఇక తేల్చలేమని చెబుతూనే, తమలో ప్రధాన అనుమానితుని మీద ఏకాభిప్రాయం ఉందని, బతికి ఉన్న బంధువులను గౌరవించి పేరు బయటపెట్టలేదని రాశారు. 85 ఏళ్ల తరువాత, శిక్షణ పొందినవారు పాటించిన నియమం అది. మన ఊళ్లలో అనుమానితుని మనుమడు పక్క వీధిలోనే చింతపండు కొంటూ ఉంటాడు. బీఎన్ఎస్ 356 ప్రకారం, చనిపోయిన మనిషి మీద వేసిన నింద కూడా దగ్గరి బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో వేసినదైతే పరువునష్టం కిందికి వస్తుంది. కేసులో పిల్లలు బాధితులో సాక్షులో అయితే, వారి గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షను కింద నేరం. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని బీఎన్ఎస్ 72 నేరంగా చూస్తుంది.

మా వైపు ఇంకొక అపాయం ఉంది. కారణం తెలియని చావు జరిగితే చిల్లంగి (చేతబడి) అన్న మాట ఎవరో ఒకరు అంటారు, వేలు ఒక ఒంటరి ముసలమ్మ వైపు తిరుగుతుంది. ఒడిశాలో 2013 నాటి మంత్రగత్తె వేట నిరోధక చట్టం ప్రకారం ఒకరిని అలా ముద్ర వేయడమే నేరం. "చేతబడి కోణం" అని సరదాగా రాసే వాక్యం ఆ చట్టం పరిధిలోకి రావచ్చు, అంతకంటే ముందు ఆమె గుమ్మంలోకి రావచ్చు. 2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఫోనుల్లో తిరిగిన పిల్లల దొంగల పుకారును నమ్మిన గుంపు ఐదుగురు సంచార భిక్షుకులను కొట్టి చంపింది. ఆ పుకారును పంపినవారిలో ఎంతమంది దాని వెనుక కాగితం అడిగి ఉంటారు?

ఇంత చేశాక కూడా మీ నోటుపుస్తకంలో ఏదైనా ఒక వరుస, మీరు స్వయంగా చూసినదో, చూసిన మనిషి మీతో నేరుగా చెప్పినదో మిగిలితే, దాన్ని గుంపులో పెట్టకుండా ఎస్పీ కార్యాలయానికి రాతపూర్వకంగా పంపండి. హత్య కేసుకు కాలపరిమితి లేదు, చార్జిషీటు వేసిన తరువాత కూడా అదనపు దర్యాప్తుకు బీఎన్ఎస్ఎస్ 193 అవకాశం ఇస్తుంది. ఘటన ఏ రాష్ట్రంలో జరిగిందో మీకే తెలియకపోతే, ఆంధ్ర వైపు పాతపట్నంలోనైనా ఒడిశా వైపు పర్లాకిమిడిలోనైనా దగ్గరి థానాలో చెప్పండి. పరిధి తమది కాకపోయినా సమాచారం నమోదు చేయాలని బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షను చెబుతోంది. సాక్షి అన్న మాటలను తెలుగులో, అతడు అన్న క్రమంలోనే, మార్చకుండా రాసి, బావ అన్నచోట బావ అనే ఉంచి, ఎవరికి ఏమవుతాడో పక్కన పేరుతో వివరించండి. ఒడియా అనువాదం వేరే కాగితం మీద ఉండాలి. రశీదు తీసుకుని దాచుకోండి.