గోడౌన్‌లో షిఫ్ట్ చేతికొచ్చిందా? ముందు ఆగిన సరుకును వెతకండి

మేడ్చల్ వైపు గోడౌన్లలో కొత్తగా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయినవాళ్ళు నాకు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఇదే: "అక్కా, మనుషులు సరిపోతలేరు, ఏం చెయ్యాలె?" నేను తిరిగి అడిగేది కూడా ఒక్కటే. సరుకు ఎక్కడ ఆగుతోంది? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఎవరు లేటుగా వచ్చారో, ఎవరు ఫోన్ చూస్తూ కూర్చున్నారో టకటకా చెప్తారు. ఏ పాలెట్ (సరుకు పేర్చే పలక) ఎన్ని గంటలు నిలబడిపోయిందో మాత్రం చూసి ఉండరు.

అందుకని మొదటి వారం ఈ పని చెయ్యండి. లారీ నుంచి దిగిన ప్రతి పాలెట్ మీద ఒక చీటీ అతికించి, దిగిన టైము మార్కర్‌తో రాయించండి. రాక్‌లోకి ఎక్కించేటప్పుడు అదే చీటీ మీద ఎక్కిన టైము రాసి, పీకి ఒక డబ్బాలో వెయ్యమనండి. డిస్పాచ్ వైపు కూడా అంతే: పికింగ్ (ఆర్డర్ ప్రకారం రాక్‌ల నుంచి సరుకు తియ్యడం) అయిపోయిన టైము, బండిలోకి ఎక్కిన టైము. సాయంత్రం డబ్బా బోర్లించి చూస్తే మీ గోడౌన్ జాతకం మొత్తం అందులో ఉంటుంది. ఇదంతా సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది కదా అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఉండేది ఆపరేటర్ ఎంట్రీ కొట్టిన టైము. సరుకు అంతకు ముందే కదిలి ఉండొచ్చు, ఇంకా నేల మీదే ఉండొచ్చు.

మాది సబ్బులు, బిస్కెట్లు, టీ పొడి, నూనె డీలర్లకు పంపే గోడౌన్. నెలాఖరు వారం వచ్చిందంటే టార్గెట్ల కోసం సేల్స్ వాళ్ళు ఆర్డర్లన్నీ ఒక్కసారే కుమ్మరిస్తారు. అప్పట్లో మా దగ్గర రోజూ ఒకటే గొడవ. సిస్టమ్‌లో స్టాక్ నిల్ అని చూపిస్తుంది, సేల్స్ ఆఫీసర్ ఏమో ఫోన్‌లో "పొద్దున్నే లారీ దిగింది కదా!" అని అరుస్తుంటాడు. దిగిన మాట నిజమే. సరుకు ఇన్‌వర్డ్ దగ్గర, అంటే లారీ దించే చోట, నేల మీద ఉంది. జీఆర్‌ఎన్, అంటే సరుకు అందిందని సిస్టమ్‌లో కొట్టే ఎంట్రీ, కాలేదు కాబట్టి సిస్టమ్‌లోకి రాలేదు. మధ్యాహ్నం మూడింటికి జీఆర్‌ఎన్ అయితే నాలుగింటికి బిల్లు, ఐదింటికి పికింగ్, లోడింగ్ అంతా రాత్రికి. అందరూ అన్నది హమాలీలు తక్కువని. చీటీలు చూస్తే లారీ గంటన్నరలో ఖాళీ అయిపోతోంది, ఆ తర్వాత పాలెట్లు ఐదు గంటలు ఊరికే నిలబడుతున్నాయి. ఎందుకంటే జీఆర్‌ఎన్ కొట్టేదీ, డిస్పాచ్ బిల్లులు తీసేదీ ఒకే ఆపరేటర్, ఒకే ప్రింటర్. పొద్దున డ్రైవర్లు కిటికీ దగ్గర నిలబడి తొందర పెడతారు. ఎదురుగా అరిచేవాళ్ళు ఉన్న పని ముందు అవుతుంది, పాలెట్లకు నోరు లేదు కాబట్టి జీఆర్‌ఎన్ వెనక్కి పోతుంది.

చేసింది రెండే మార్పులు. పొద్దున బయలుదేరే బండ్ల బిల్లులు ముందురోజు సాయంత్రమే తీసిపెట్టడం, పదకొండున్నర దాకా ఆ కంప్యూటర్ మీద జీఆర్‌ఎన్ తప్ప ఇంకేమీ చెయ్యకపోవడం. ఇంకో అబ్బాయికి జీఆర్‌ఎన్ నేర్పించాం కూడా, ఆపరేటర్ సెలవు పెడితే గోడౌన్ మూతపడకుండా. ఒక్క హమాలీని కూడా పెంచలేదు. పెంచి ఉంటే సరుకు ఇంకా తొందరగా దిగి, అదే చోట ఇంకా ఎక్కువ పోగయ్యేది.

గేటు దగ్గర లెక్క

2017 జులైలో జీఎస్టీ వచ్చాక చాలా కంపెనీలు రాష్ట్రానికొక చిన్న డిపో పెట్టే పద్ధతి మానేసి పెద్ద గోడౌన్లకు మారాయి. గోడౌన్ పెద్దదయింది, గేటు మాత్రం ఒక్కటే. రాత్రంతా నడిచి వచ్చిన బయటి రాష్ట్రాల లారీలు తెల్లారేసరికి వరస కడతాయి. సిటీ డెలివరీకి పోయే డీసీఎంలు, ట్రాలీ ఆటోలు ట్రాఫిక్ పెరగకముందే బయటపడాలని అదే టైముకు వస్తాయి.

కాగితం మీద చిన్న లెక్క వెయ్యండి. నాలుగు డాక్‌లు (లారీ ఆనించి సరుకు దించే, ఎక్కించే చోట్లు) ఉన్నాయి, ఒక్కో లారీ డాక్ మీద రెండు గంటలు ఉంటోంది అనుకుందాం. అంటే గంటకు రెండు లారీలే వదలగలరు. గంటకు మూడు వస్తుంటే ప్రతి గంటకు ఒక లారీ రోడ్డు మీద మిగులుతుంది, మధ్యాహ్నానికి హాల్టింగ్ ఛార్జీల (లారీని ఆపి ఉంచినందుకు కట్టే డబ్బు) గొడవ మొదలవుతుంది. అదే డాక్ టైము 80 నిమిషాలకు దిగితే గంటకు మూడు వెళ్ళిపోతాయి, వరస పెరగదు. ఆ 40 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? హమాలీల చేతుల్లో వెతక్కండి, కాగితాల్లో ఉంటాయి. ఇన్‌వాయిస్, ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ, సీల్ నంబరు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఇవన్నీ బండి డాక్ మీదికి వచ్చాక చూస్తున్నారా, గేటు బయట నిలబడినప్పుడే చూస్తున్నారా? ఖాళీ పాలెట్లు, హ్యాండ్ పాలెట్ బండి డాక్ దగ్గర ముందే ఉన్నాయా, లారీ తలుపు తీశాక వెతుక్కుంటున్నారా?

బయటికి పంపే సరుకుకు ఈ-వే బిల్లు తొందరపడి తియ్యకండి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు నడుస్తుంది. బండి మారితే అందులో బండి వివరాలుండే పార్ట్-బిలో నంబరు మార్చాలి. లోడింగ్ సగం దాటాక తీస్తే రెండు తలనొప్పులూ తప్పుతాయి.

హమాలీ కూలీ ఎట్లా లెక్కిస్తారో తెలుసుకోండి

ఇది చాలామంది సూపర్‌వైజర్లు పట్టించుకోరు. పికర్‌కి కాంట్రాక్టర్ నెల జీతం ఇస్తాడు. హమాలీకి టన్నుకో, పెట్టెకో లెక్క. 15 కిలోల నూనె డబ్బాల లోడ్ అంటే హమాలీలు పరుగెత్తుతారు. నలభై రకాల చిన్న పెట్టెలు కలిపిన మిక్స్ లోడ్ అంటే టీ తాగడానికి పోతారు. దాన్ని బద్ధకం అంటే తప్పు. అదే రెండు గంటల్లో వాళ్ళకు వచ్చే డబ్బు సగం కూడా ఉండదు, మీరైనా అదే చేస్తారు. మేము మేస్త్రీని, కాంట్రాక్టర్‌ని ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టి మిక్స్ లోడ్‌కి వేరే రేటు మాట్లాడించాం. అకౌంట్స్ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. హాల్టింగ్ బిల్లులు పక్కన పెట్టి చూపిస్తే ఒప్పుకున్నారు.

మేస్త్రీతో పని ఉంటే మేస్త్రీతోనే మాట్లాడండి. ఆయన్ని దాటి ఒక్కొక్క హమాలీకి చెప్పడం మొదలుపెడితే వాళ్ళకు ఇద్దరు పెద్దలవుతారు, చివరికి ఎవరి మాటా సాగదు. వయసులో పెద్దాయన అయితే "అన్నా, ఈ మూడు బండ్లు పన్నెండుకల్లా కావాలె, ఏది ముందు పెడదాం?" అని అడగండి. ఆయన చెప్పే వరస చాలాసార్లు మీ వరస కంటే మంచిది. ఏ పెట్టె కింద ఏది నలుగుతుందో ఆయనకు తెలుసు.

ఇక మీ సొంత టీమ్. షిఫ్ట్ మొదట్లో ఐదు నిమిషాల మీటింగ్ చాలు, నిలబడే. ఈరోజు బండ్లు ఏవి, ఎవరు ఎక్కడ, నిన్న షార్ట్ (తక్కువ పడిన సరుకు) ఏది వచ్చింది. అంతే. నీతులు, కంపెనీ విజన్ వద్దు. బీహార్, ఒడిశా పిల్లలుంటే తెలుగులో చెప్పిందే హిందీలో ఇంకోసారి చెప్పండి, డాక్ నంబర్లు బోర్డు మీద పెద్దగా రాయండి. "ఎవరైనా ఆ పాలెట్ జరపండి" అంటే ఎవరూ జరపరు. పేరు పెట్టి చెప్పాలి. తప్పు చేసినవాణ్ణి పదిమందిలో తిట్టకండి. తిడితే తర్వాతి డ్యామేజీని రాక్ వెనక దాచేస్తారు, అది మీకు ఆడిట్‌లో కనిపిస్తుంది.

రాక్‌ల సంగతి చిన్నగా చెప్తాను, ఎందుకంటే ఇది అందరికీ తెలిసిందే, చేసేవాళ్ళే తక్కువ. ఎక్కువ పోయే సరుకు డిస్పాచ్‌కి దగ్గరగా, నడుము ఎత్తులో. బరువైనది కింద. టీ పొడి, బిస్కెట్లు సబ్బుల పక్కన పెడితే వాసన పడతాయి. ఐదు రూపాయల ప్యాకూ, పది రూపాయల ప్యాకూ ఒకే రంగులో వస్తాయి, వాటి బిన్లు (రాక్‌లో ఒక్కో సరుకు పెట్టే గడులు) దూరం దూరంగా ఉండాలి. తినే సరుకులో ముందు వచ్చింది ముందు కాదు, ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు పోవాలి.

స్టాక్ లెక్కకు ఏడాదికోసారి గోడౌన్ మూసి లెక్కపెట్టేదాకా ఆగొద్దు. రోజూ సిస్టమ్ నిల్ అని చూపించే కొన్ని బిన్లు వెళ్ళి చూడండి. ఖాళీగా ఉండాల్సిన చోట పెట్టె కనిపించిందంటే తప్పు అక్కడికక్కడే దొరికినట్టే. లెక్కపెట్టే పని కూడా ఉండదు.

సెలవుల టెన్షన్‌కి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. సంక్రాంతికి ఆంధ్ర పిల్లలు, బతుకమ్మ-దసరాకి మనవాళ్ళు, ఛఠ్‌కి, హోలీకి బీహార్ వాళ్ళు ఊళ్ళకు పోతారు, ఆపలేం, ఆపకూడదు కూడా. 2024 నవంబరు నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆ వారంలో టీ దగ్గర "టికెట్ దొరికిందా?" అని అడిగితే ఎవరు పోతున్నారో, ఎప్పుడు వస్తున్నారో నోటితోనే చెప్పేస్తారు. సెలవు చీటీ కోసం చూస్తే పండగ ముందు రోజు తెలుస్తుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్ కింద కంటైనర్ అన్‌లోడింగ్ పదకొండు లోపు, మళ్ళీ నాలుగు తర్వాత పెట్టుకోండి. మజ్జిగ కుండ డాక్ దగ్గరే ఉండాలి, క్యాంటీన్‌లో కాదు.

షిఫ్ట్ అప్పగించేటప్పుడు నోటిమాట నమ్మొద్దు, పుస్తకంలో రాయండి: సగం లోడయిన బండి ఏది, ఎన్ని పెట్టెలు ఎక్కాయి, డ్యామేజీ ఎక్కడ పెట్టారు, స్కానర్ గన్‌లు ఛార్జింగ్‌లో ఉన్నాయా. రాత్రి ఛార్జింగ్ పెట్టని గన్ పొద్దున ఒక పికర్‌ని కూర్చోబెడుతుంది.

నెలాఖరు రాత్రికి ఇంకో రెండు. బండిలో చివర దిగాల్సిన డీలర్ సరుకు ముందు ఎక్కాలి. డ్రైవర్ రూట్ వరస పికర్‌కి ముందే ఇవ్వండి, లేకపోతే బండి సగం దించి మళ్ళీ ఎక్కించాల్సి వస్తుంది. రెండోది, రాత్రి భోజనం ఖర్చు, ఆడపిల్లలకు ఇంటిదాకా డ్రాప్ బండి, ఈ రెండింటికీ 20వ తేదీకే మెయిల్ పెట్టి శాంక్షన్ తీసుకోండి. 30న రాత్రి తొమ్మిదింటికి అడిగితే మేనేజర్ ఫోన్ ఎత్తరు.