విమాన ప్రమాద నివేదికను ఎక్కడి నుంచి చదవాలి

నివేదిక పీడీఎఫ్ దొరకగానే చాలామంది చివరికి వెళ్లి "కారణం" అనే పేరా చదివి మూసేస్తారు. పైలట్ తప్పు అని తేల్చేసుకుంటారు. అసలు ఆ పేరా ఆఖరున చదవాల్సింది.

ముందు అట్ట చూడండి: ప్రాథమిక నివేదికా, తుది నివేదికా? ప్రమాదం జరిగిన 30 రోజుల్లో వచ్చేది ప్రాథమికం. అందులో కారణం వెతక్కండి, ఉండదు. 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ ప్రమాదంపై వచ్చిన ప్రాథమిక నివేదిక, రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు సుమారు ఒక సెకను తేడాతో "రన్" నుంచి "కటాఫ్"కు (ఇంధనం ఆగిపోయే స్థితికి) మారాయని చెప్పింది. ఎందుకు మారాయో చెప్పలేదు. ఎందుకో తేల్చేసిందంతా టీవీ చర్చల పుణ్యం.

తుది నివేదికలో నాలుగు భాగాలు: వాస్తవాలు, విశ్లేషణ, నిర్ధారణలు, సిఫార్సులు. ఏ దేశపు నివేదికైనా అంకెలు దాదాపు ఒకటే. 1.7 వాతావరణం, 1.10 విమానాశ్రయం, 1.11 రికార్డర్లు (బ్లాక్ బాక్సులు), 1.12 శకలాలు. 1.11తో మొదలుపెట్టండి. ఒక కాగితం మీద సమయం, ఎత్తు, వేగం, మాటలు అని నాలుగు గడులు గీసి నింపుతూ పోండి. భారత్‌లో జరిగిన ప్రమాదానికి సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలపండి. ఇది మర్చిపోతే వాతావరణ వివరాలతో పొంతన కుదరదు.

తర్వాత 1.10లోని రన్‌వే కొలతలు పక్కన పెట్టుకుని లెక్క వేయండి. 2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదాన్నే తీసుకుందాం. రన్‌వే 8,033 అడుగులు. విమానం నేలను తాకింది రన్‌వే మొదలు నుంచి 5,200 అడుగుల దగ్గర. మిగిలింది 2,833. "గుట్ట మీది రన్‌వే, పొట్టిది" అనే వాదన ఇక్కడే తేలుతుంది. అంత ఆలస్యంగా దిగినా, రివర్స్ థ్రస్ట్ (ఇంజిన్ల తోపును ముందుకు తిప్పి వేగం తగ్గించడం)తో పాటు బ్రేకులు గట్టిగా పట్టి ఉంటే 7,600 అడుగుల దగ్గరే ఆగేదని దర్యాప్తులో లెక్క తేలింది. కెప్టెన్ మాత్రం రివర్స్ వేశాక మళ్లీ పైకి లేపబోయాడు.

ఇక అసలు పని. ప్రతి వాస్తవం పక్కన "ఎందుకు?" అని రాసి, జవాబు ఏ పేరాలో ఉందో వెతకండి. విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపులో ఎందుకుంది? మంగళూరు రాడార్ పనిచేయక, దిగడానికి అనుమతి మామూలుకన్నా దగ్గరికి వచ్చాక అందింది. అందుకు తగ్గట్టు దిగే పథకాన్ని సిబ్బంది మార్చుకోలేదు. కెప్టెన్ తీరు అలా ఎందుకుంది? వాయిస్ రికార్డర్‌లోని 2 గంటల 5 నిమిషాల్లో మొదటి గంటా 40 నిమిషాలు ఆయన నిద్రలో ఉన్నాడు. నిద్రమత్తు పూర్తిగా వదలకపోయి ఉండవచ్చన్నారు. మూడుసార్లు "గో అరౌండ్" (దిగడం మానేసి మళ్లీ పైకి లేపు) అన్న కో-పైలట్ కంట్రోల్స్ ఎందుకు అందుకోలేదు? ఆ అధికారం తనకుందో లేదో నిబంధనల్లోనే అస్పష్టత ఉందని, బహుశా అదే కారణమని నివేదిక రాసింది.

ఇప్పుడు 3వ భాగం తెరవండి. "ప్రత్యక్ష కారణం" కింద కెప్టెన్ ఉంటాడు, "దోహదపడిన అంశాలు" కింద మీరు పట్టుకున్న ఈ మూడూ ఉంటాయి. ఒక్కో అంశానికి 4వ భాగంలో ఏ సిఫార్సు ఉంది, దాన్ని ఎవరికి రాశారు, విమాన సంస్థకా, విమానాశ్రయానికా, డీజీసీఏకా (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థకా), గీత గీసి కలపండి. గీత కలవని అంశం మిగిలితే, దాని గురించి 2వ భాగంలో ఏమన్నారో మరోసారి చదవండి.