మీ ఊరి మేష్టారి జీవితాన్ని కాగితం మీద పెట్టాలంటే

కోనసీమలో, అంబాజీపేటలో నాకు చిన్న జిరాక్సు షాపుంది. డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్లు కూడా చేస్తాను. పోయినేడు కార్తీకంలో మా లెక్కల మేష్టారు కాలం చేశారు. ఆ సాయంత్రానికే ఆయన పేరున 11 ఫ్లెక్సీలకు ఆర్డర్లు వచ్చాయి. అన్నిట్లో ఒకే ఫొటో, అవే మాటలు: విద్యాదాత, నిస్వార్థ సేవకులు, మార్గదర్శి. కళ్ళు తుడుచుకుంటూ నేనే టైపు చేశాను. సంక్రాంతి వచ్చేసరికి వాటిలో సగం గాలికి చిరిగాయి, మిగతావి ఎండకు వెలిసిపోయాయి. ఒకదాన్ని మా వీధిలో కొబ్బరికాయల రాశి మీద కప్పారు. కప్పినవాళ్ళ తప్పేమీ లేదు. మేష్టారు ఏం చేశారో చెప్పే ముక్క ఒక్కటి ఉన్నా ఎవరో ఒకరు దాచుకునేవారు. విద్యాదాత అని ఎవరికైనా వేయొచ్చు.

ఆయన ముప్పై ఏళ్ళు పైగా గోదావరి పాయల మధ్య లంకల్లో పాఠాలు చెప్పారు. చెట్టెక్కి కొబ్బరికాయలు దింపు తీసేవాళ్ళ పిల్లల్ని, కాయల పీచు తీసే ఒలుపు పనివాళ్ళ పిల్లల్ని, వల మీద బతికేవాళ్ళ పిల్లల్ని ఇళ్ళకు వెళ్ళి మరీ బడికి తెచ్చారు. రాత్రిళ్ళు పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించారు. పింఛను దరఖాస్తులు రాసిపెట్టారు. ఇదంతా ఎక్కడా రాసి లేదు. కందుకూరి వీరేశలింగం గారూ బడిపంతులే. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారనీ, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారనీ ఇవాళ మనం తేదీలతో సహా చెప్పుకుంటున్నాం. ఆయన తన కథ తానే రాసుకున్నారు. మా మేష్టారిలాంటి వాళ్ళు రాసుకోరు. మనమే పోగుచేయాలి. నేను ఏడాది తిరిగి 32 పేజీల పుస్తకం వేశాను. ఎలా వేశానో చెబుతాను.

మొదట కాగితాలు. ఇందులో ఆలస్యం అసలు పనికిరాదు. పెద్దకర్మ అయ్యాక ఇల్లు కడిగి సర్దుతారు చూడండి, పాత కాగితాలు బయటికి పోయేది అప్పుడే. కొన్ని పాత పేపర్లవాడికి వెళ్తాయి, కొన్ని వేణ్ణీళ్ళ పొయ్యిలోకి వెళ్తాయి. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళి కాగితాలడగడం ఎలాగా అని నేనూ మొహమాటపడ్డాను. చివరికి మేష్టారి భార్య, అమ్మగారికి ఒక్కటే మాట చెప్పాను: "ఏదీ పారేయకండమ్మా, నేనొచ్చి చూస్తాను, ఒక్క కాగితం కూడా ఇల్లు దాటించను." ఆవిడ మంచం కింద నుంచి ఒక ట్రంకుపెట్టె లాగించి, "ఇవన్నీ చిత్తుకాగితాలే బాబూ" అన్నారు. అందులో రాత్రిబడి హాజరు పుస్తకాలు నాలుగున్నాయి. పిల్లలు పరీక్షల్లో వాడగా మిగిలిన తెల్లకాగితాలు కుట్టి చేసినవి.

కాగితాలు ఇంట్లోనే ఉంచి, అక్కడే ఫొటో తీసుకోండి. వాకిట్లో నీడపట్టున, పొద్దున్న తొమ్మిది పది గంటల వెలుగులో, ఫ్లాష్ లేకుండా, కాగితానికి నిటారుగా ఫోను పట్టుకుని తీస్తే చాలు. పాత ఫొటోలు మాత్రం స్కానరు మీద 600 డీపీఐలో చేయించండి. తర్వాత పెద్దవి చేసినా మొహాలు చెదరవు. అసలు కాగితాలకు లామినేషన్ మాత్రం చేయించకండి. నా షాపులో రోజూ చేసే పనే అయినా చెబుతున్నాను, ఒకసారి ఆ వేడికి అతుక్కున్నాక దాన్ని వెనక్కి తీయలేం. చిరిగినచోట సెల్లో టేపు వేయకండి. కొన్నేళ్ళకు ఆ జిగురు పసుపు పచ్చగా కాగితంలోకి దిగిపోతుంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూసి పెడితే లోపలే బూజు పడుతుంది. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, నేలకూ గోడకూ తగలకుండా పైనెక్కడైనా పెట్టించండి. చెదలు వచ్చేది నేల, గోడల నుంచే. ఏటిగట్టు లోపలి ఇళ్ళయితే వరద మాట సరేసరి, అటక మీదే పెట్టాలి. ఫొటో వెనక పేర్లు రాయాలంటే పెన్ను వద్దు, మెత్తటి పెన్సిలుతో ఒత్తకుండా రాయండి.

సర్వీసు రిజిస్టరు జిరాక్సు ఉందేమో అడగండి. రిటైరైన మేష్టార్ల ఇళ్ళలో పింఛను కాగితాలతో పాటు సాధారణంగా దొరుకుతుంది. ఏ ఊళ్ళో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారో అందులో వరసగా ఉంటుంది. మిగతా కథకంతా అదే వెన్నెముక. ఆయన పనిచేసిన బళ్ళకు వెళ్ళి హెడ్మాస్టరు అనుమతితో అడ్మిషన్ రిజిస్టరు చూడండి. రిజిస్టరు బయటికి ఇమ్మని అడగకండి, అక్కడే కూర్చుని నోట్ చేసుకోండి.

ఇక మనుషులు. అసలు పని ఇక్కడుంది.

మొదటి నెల నేను అందరినీ "మేష్టారు ఎలాంటివారండీ?" అని అడిగాను. అందరూ "దేవుడండి ఆయ్" అన్నారు. ఆ మాట నిజమే, కానీ దానితో ఒక్క పేజీ నిండలేదు. తర్వాత ప్రశ్న మార్చాను. "మీ ఇంటికి మేష్టారు మొదటిసారి ఎందుకొచ్చారు? వచ్చి ఎక్కడ కూర్చున్నారు? మీ నాన్నతో ఏమన్నారు?" అప్పుడు నోళ్ళు విచ్చుకున్నాయి. ఒకాయన, ఇప్పుడు లారీ నడుపుతున్నారు, ఇలా చెప్పారు: "మా అయ్య నన్ను దింపుకి తీసుకుపోతానన్నాడండి. మేష్టారు మా పాక ముందు నులకమంచం మీద కూర్చుని, వీడు చెట్టెక్కి రోజుకెంత తెస్తాడో చెప్పు, లెక్క వేద్దాం అన్నారు. బొగ్గుముక్కతో గోడ మీద లెక్క వేశారు. పది పాసైతే ఎంత, పాసవకపోతే ఎంత అని. ఆ లెక్క మా గోడ మీద మళ్ళీ సున్నం వేసేదాకా ఉందండి." ఇలాంటిది ఒక్కటి దొరికితే పది ఫ్లెక్సీల పెట్టు.

రికార్డు చేసేముందు అడిగి ఒప్పుకున్నాకే ఫోను బయటికి తీయండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే మాట తెగిపోతుంది. ముందు మీ గొంతుతోనే తేదీ, ఊరు, చెప్పేవారి పేరు చెప్పండి. ఫ్యాను ఆపించండి. మేష్టారితో కలిసి పనిచేసిన ఒక పెద్దాయన దగ్గర గంటన్నర కూర్చున్నాను. ఎండ మండిపోతోంది, ఫ్యాను ఆపమనడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి వింటే గాలి హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ వెళ్దామనుకుంటుండగానే ఆయన పోయారు. అప్పటి నుంచి వేసవిలో తెల్లవారుజామునే వెళ్తున్నాను. రికార్డు చేసింది ఆ రోజే విని, ముఖ్యమైన మాటలు నోటుపుస్తకంలో ఎక్కించండి.

పెద్దవాళ్ళకు సంవత్సరాలు గుర్తుండవు. "ఏ సంవత్సరమండీ?" అని అడిగితే కంగారుపడతారు, ఏదో ఒక అంకె చెప్పేస్తారు. మన గోదారి వాళ్ళకు వేరే కేలండరుంది, దాంతో అడగండి. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకా, రాకముందా? అది 1983. పెద్ద వరద? 1986 ఆగస్టు. పుష్కరాలు 1991, 2003, 2015. పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే గ్యాసు బావి మంట, 1995 జనవరి 8న మొదలై 65 రోజులు మండింది. కోనసీమ తుఫాను 1996 నవంబరు 6 రాత్రి. ఎదుర్లంక వంతెన 2002. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఆ మనిషి పెళ్ళి, పెద్దకొడుకు పుట్టడం పక్కన చేర్చుకుంటే ఇంకా తేలిక.

దీని వల్ల నాకొక చిక్కుముడి విడింది. రాత్రిబడి ఎప్పుడు మొదలైందన్నది తేలలేదు. హాజరు పుస్తకాల్లో మొదటిదాని ముందు పేజీలు చెద తినేసింది. తుఫానుకు బడి రేకులు ఎగిరిపోయి, కొత్త గది కట్టాకే మొదలైందని ఇద్దరు గట్టిగా చెప్పారు. ఒలుపు పనికి వెళ్ళిన ఒక మామ్మ మాత్రం ఇంకోలా అంది: "గ్యాసు మంట మండినన్నాళ్ళూ ఆకాశం ఎర్రగా ఉండేది బాబూ. మేష్టారు లాంతరు ఒత్తి తగ్గించేసేవారు, కిరసనాయిలు మిగులుద్దని." అంటే 1995 జనవరి, మార్చి మధ్యలోనే బడి నడుస్తోంది. ఈ మాట పట్టుకుని మళ్ళీ ఆ ఇద్దరి దగ్గరికి వెళ్ళాను. అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకు. మొదట మామ్మగారి వీధిలో ఒక అరుగు మీద నడిచింది, తుఫాను తర్వాత బళ్ళోకి మారింది. రెండు మాటలూ నిజమే. ఇద్దరు చెప్పింది కలవనప్పుడు ఒకరిది అబద్ధమని కొట్టేయకండి, ఇంకొకసారి వెళ్ళండి.

తుఫాను గురించి కూడా చెప్పాలి. ఆ మర్నాడు పొద్దున్న మేష్టారు పడిపోయిన కొబ్బరిచెట్ల మీదుగా దాటుకుంటూ ప్రతి వీధికీ వెళ్ళి, అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న పిల్లలు ఉన్నారో లేరో చూసి వచ్చారట. ఈ మాట నాకు ఆరుగురు ఆరు వీధుల్లో చెప్పారు. అందుకే పుస్తకంలో మొదటి పేజీ అదే పెట్టాను.

ఏది వేయకూడదో కూడా ఆలోచించాలి. మేష్టారు ఎవరెవరికి ఫీజు కట్టారో నాకు తెలిసింది. ఒక తల్లి సంతోషంగా కొడుకు పేరు, ఇప్పటి ఉద్యోగంతో సహా అంతా చెప్పేసింది. ఆ కొడుకు ఫోన్ చేసి, "నా పేరు వద్దు అన్నయ్యా" అన్నాడు. వేయలేదు. "ఒక విద్యార్థి" అని వేశాను. సాయం చేసిన ఆయన ఆ సంగతి పెదవి దాటనివ్వలేదు, పుస్తకం పేరుతో మనం చాటకూడదు. ఎవరి మాట వేసినా, అచ్చుకు ముందు వాళ్ళకు చదివి వినిపించి, కింద సంతకం తీసుకోండి. మామ్మగారికి వినిపించి ఇంకుప్యాడు ముందుకు జరిపాను. ఆవిడ దాన్ని పక్కకు నెట్టి, పెన్ను అడిగి, నాలుగు నిమిషాలు తీసుకుని తన పేరు రాసింది.

మంచి మాటలే వేయాలని కూడా అనుకోకండి. మా మేష్టారు మొదట్లో బెత్తం బాగా వాడేవారు. దెబ్బలకు భయపడి ఒక కుర్రాడు బడి మానేశాడు. మేష్టారు వాళ్ళింటికి మూడుసార్లు వెళ్ళారు, వాడు రాలేదు. ఆ తర్వాత ఆయన చేతిలో బెత్తం చూసినవాళ్ళు లేరు. ఇది వేయాలా వద్దా అని అమ్మగారినీ, బడి మానేసిన ఆయన్నీ ఇద్దర్నీ అడిగాను. ఇద్దరూ వేయమన్నారు.

పుస్తకం పని నాకు తెలిసిన పని కాబట్టి తొందరగా చెప్పేస్తాను. ఏ4 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు, 8 కాగితాలకు 32. మధ్యలో రెండు పిన్నులు కొడితే చాలు, బైండింగ్ ఖర్చుండదు. పేజీలు నాలుగుతో భాగించేలా చూసుకోండి. అక్షరం 14 పాయింట్ల కంటే తగ్గించకండి, చదివేది పెద్దవాళ్ళు. టైపు చేయించేటప్పుడు యూనికోడ్‌లో చేయమని గట్టిగా చెప్పండి. మా డీటీపీ వాళ్ళం అలవాటుగా అను ఫాంట్లలో కొట్టేస్తాం. అచ్చులో బాగానే ఉంటుంది గాని, ఆ ఫాంటు లేని ఫోనులో గజిబిజి గుర్తులొస్తాయి, వెతికితే దొరకదు. రికార్డింగులు, ఫొటోలు, పుస్తకం ఫైలు మూడు చోట్ల ఉంచండి: ఒకటి మీ దగ్గర పెన్‌డ్రైవులో, ఒకటి మేష్టారి ఇంట్లో, ఒకటి ఆన్‌లైన్లో.

మొదటి కాపీలు మాట చెప్పినవాళ్ళకే ఇవ్వండి. తర్వాత బడికి, ఊరి గ్రంథాలయానికి. ఆవిష్కరణ సభ పెట్టాలా అని నన్నడిగారు. పెట్టలేదు. ఆ డబ్బుతో రాత్రిపూట బడి వరండాలో పదో తరగతి పిల్లలకు లైట్లు, చాపలు కొన్నాం. మా పాత విద్యార్థులు నలుగురు వంతులవారీగా వెళ్ళి లెక్కలు చెబుతున్నారు. మనకు పక్కనే ఉదాహరణ ఉంది. లంకల గన్నవరంలో అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు 1909లో పోయారు. ఇవాళ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరుంది. ఆవిడ చేసిన పని ఆగలేదు కాబట్టి పిల్లల నోట్లో ఆ పేరూ ఉంది.

మా పుస్తకంలో చివరి రెండు పేజీలు ఖాళీ గీతలతో వదిలేశాను, గుర్తొచ్చినవి రాసి పంపమని. ఇప్పటికి 14 పుస్తకాలు షాపుకి తిరిగొచ్చాయి. ఒకదాంట్లో హైదరాబాదులో మేస్త్రీ పని చేసుకునే ఆయన ఒక్క వాక్యమే రాశాడు: "పరీక్షకి నన్ను పంటు మీద రేవు దాటించింది మేష్టారే, ఆ రోజు వరద." మిగతాది పండక్కొచ్చి చెబుతానన్నాడు. సంక్రాంతికి లంకలో అందరూ ఉంటారు, ఈ పనికి అంతకంటే మంచి మూడు రోజులు దొరకవు. ఫోనులో చోటు ఖాళీ చేసి, మేష్టారి ఫొటో ఒకటి, ఆ ఏళ్ళ కాగితం ఒకటి సంచిలో పెట్టుకున్నాను. భోగి రోజు పొద్దున్నే రేవులో ఉంటాను.